నూట ఎనభయ్యో గీత

అంకన్నకు ఉద్యోగమిచ్చేది ఎండ, ఊడబెరికేది వాన.

తర్లుపాడు దాటి కంభం వైపు పోయే మీటర్‌గేజి దారిలో ఎర్రమిట్ట అని ఒక చిన్న స్టేషను ఉండేది. ఏటా ఎండలు ముదరగానే ప్రయాణికులకు మంచినీళ్ళు పోయడానికి రైల్వే వాళ్ళు అక్కడ ఒక మనిషిని పెట్టేవాళ్ళు. వానలు మొదలైన రోజున ఆ మనిషి చేత చొక్కా మీది ఇత్తడి బిళ్ళ తీయించి ఇంటికి పంపేవాళ్ళు. కాగితాల్లో అతని పేరు ఎండాకాలం నీళ్ళ మనిషి. ఎనిమిదేళ్ళుగా ఎర్రమిట్టలో ఆ మనిషి అంకన్నే.

ఎర్రమిట్ట ఎండ గురించి చెబితే కోస్తా వాళ్ళు నమ్మరు. నమ్మకపోతే పోనీ. వైశాఖంలో అక్కడ ఒక కాకి ఎగిరితే దాని నీడలో ఇంకో కాకి ఎగిరేది. ప్లాట్‌ఫారం మీద పలకరాయి పరిచారేమో, కోడి గుడ్డు పెట్టి వెనక్కి తిరిగి చూసుకునేసరికి ఉడికిపోయి ఉండేది. పట్టాలు సాగి సాగి స్టేషను మొత్తం రెండు గజాలు గిద్దలూరు వైపు జరిగిందని పోర్టరు షంషుద్దీన్ ఖురాను మీద ఒట్టేసి చెప్పేవాడు. అంతటి ఎండలో రైలు ఆగేది మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల్లో అంకన్న ఇంజను దగ్గర మొదలుపెట్టి గార్డు పెట్టె దాకా కొమ్ముచెంబుతో పరుగెత్తేవాడు. కిటికీలోంచి దోసిలి బయటికొస్తే చాలు, చుక్క కింద పడకుండా నింపేవాడు. రైలు కదిలాక కూడా పక్కనే పరుగెడుతూ పోసేవాడు. ఊరి బావి నీళ్ళు ఉప్పన. అందుకని మైలు దూరంలోని గొర్రెల బావి నుంచి కావడితో తెచ్చి, రేకుల షెడ్డు కింద నాలుగు బానల్లో నింపి, తడి గోనె చుట్టేవాడు.

మిగిలిన నెలల్లో అతను ఎవరి మనిషీ కాదు. మార్కాపురం పలకల గనుల్లో రాయి చీల్చేవాడు, ఆముదాలు కొట్టేవాడు, అన్న నరసింహులు గొర్రెల వెంట తిరిగేవాడు. పలకల ఫ్యాక్టరీ మేస్త్రీ ఒకసారి పిలిచి, ఏడాది పొడుగునా ఉంటానంటే మిషను మీద పెడతానన్నాడు. అంకన్న తల గోక్కున్నాడు. మాఘం వెళ్ళేసరికి చెవి స్టేషను వైపు తిరుగుతుందని అతనికి తెలుసు. మేస్త్రీ ఇంకొకణ్ణి పెట్టుకున్నాడు.

"పర్మినెంటు పర్మినెంటు అంటావే, అది ఎట్లుంటాదయ్యా?" అని భార్య శ్రీశైలమ్మ అడిగింది ఒకనాడు, జొన్నలు చెరుగుతూ.

"వానొచ్చినా ఉండే ఉద్యోగం."

"వానొచ్చినాక నీళ్ళు ఎవురికి పోస్తావు?"

అంకన్న దగ్గర ఉన్నది ఒక లెక్క. స్టేషన్ మాస్టరు విశ్వాసం గారు ఎర్రమిట్టకు వచ్చిన మొదటి వేసవిలోనే రూలు చదివి చెప్పాడు. "తెగకుండా నూట ఎనభై రోజులు చేసినవాడి పేరు పైకి పంపొచ్చు అంకన్నా. పంపొచ్చు, అంతే. ఇస్తారని నేను అనటం లేదు." అంతే చాలనుకున్నాడు అంకన్న. గనుల్లో పారేసిన పలక ముక్క ఒకటి తెచ్చుకుని, రోజుకొక గీత మేకుతో గీయడం మొదలుపెట్టాడు. బలపంతో రాస్తే చెరిగిపోతుంది. మేకుతో గీస్తే పలక పగిలితే తప్ప పోదు. వేసవి ముగిశాక ఆ ముక్కను ఇంటి గోడలో మెత్తేవాడు. ఒక ముక్క మీద ఎనభై ఎనిమిది, ఇంకోదాని మీద తొంభై నాలుగు, అన్నిటికన్నా పెద్దదాని మీద నూట పదమూడు. గడప దాటేటప్పుడల్లా వాటి మీద చెయ్యి వేసేవాడు. శ్రీశైలమ్మ ఆ గోడకు సున్నం కొట్టడం మానేసింది.

హైదరాబాదు రాజధాని అయిన మూడో ఏడు అది. అప్పటికి ఈ తాలూకాలింకా కర్నూలు జిల్లాలోనే ఉన్నాయి. ఆ ఏడు ఎండ శివరాత్రి వెళ్ళగానే వచ్చి కూర్చుంది. మార్చి పన్నెండునే అంకన్న బిళ్ళ పెట్టుకున్నాడు. ఎప్పటికన్నా మూడు వారాలు ముందు. రైలు కిటికీల్లోంచి జనం ఎప్పటిలాగే అడిగేవాళ్ళు.

"ఏమయ్యా, వాన ఎప్పుడు?"

"నా చేతిలో ఉండాది సామీ. రైలోళ్ళు ఆర్డరిస్తే వదుల్తా."

"అంత మొనగాడివా!"

"బానల్లో ఉండేది ఏందనుకున్నారు? మూత తీస్తే ఒంగోలు దాకా తేలిపోతారు."

పెట్టె పెట్టెంతా నవ్వేది. ఈ మాట అతను ఎనిమిదేళ్ళుగా అంటున్నదే. షంషుద్దీన్ దానికి రంగులద్దాడు. "మా అంకన్న మబ్బుల చెవి పట్టుకుని బానలోకి ఈడ్చినాడు, నా కళ్ళతో చూసినా. మూత కిందనుంచి ఉరుము వినపడ్తాది, చెవి పెట్టి చూడండి" అని టిక్కెట్టు లేనివాళ్ళకు కూడా చెప్పేవాడు. ఆ మాట రైలెక్కి దొనకొండ పోయింది, గిద్దలూరు పోయింది, దిగువమెట్ట అడవిలోకి కూడా పోయింది.

మృగశిర కార్తె పొడిగా వెళ్ళింది. ఆరుద్రలో ఒక మబ్బు వచ్చి ఊరిని చూసి పోయింది. పునర్వసు, పుష్యమి అన్నీ అంతే. ఆరుద్ర చివర్లో, నూట పదమూడో గీత దాటిన రోజున అంకన్న పొంగిపోయాడు. ఇంటికి వెళ్ళి చెబుదామని అడుగు తీసి, దారిలో వదిన రోశమ్మ ఇంటి ముందు ఆగిపోయాడు. వాకిట్లో రెండు గొర్రెపిల్లలు చచ్చి పడి ఉన్నాయి. అన్న నరసింహులు మిగిలిన మందను తోలుకుని మేత కోసం నల్లమల వైపు వెళ్ళి అప్పటికే నెల అయింది. కొర్ర విత్తనం గాదెలో ఉన్నది ఉన్నట్టే ఉంది. రోశమ్మ ఆ పిల్లల్ని చూస్తూ ఊరికే కూర్చుని ఉంది.

"ఏం అంకన్నా, ఇంత పొద్దుతోనే వచ్చినావు?"

"ఏం లేదొదినా. నీళ్ళు ఒక కుండ తెచ్చి ఇద్దామని."

నూట పదమూడు మాట నోట్లోనే ఉండిపోయింది.

అప్పటినుంచి అతని పొద్దులు పాడయ్యాయి. తెల్లారి లేచి మొదట చూసేది ఆకాశం. అది నున్నగా గీకిన పలకలా కనిపిస్తే గుండెలోంచి ఒక ఊపిరి దానంతటదే దిగేది. హమ్మయ్య, ఈ రోజుకు లేదు. మరుక్షణం సిగ్గు వేసేది. ఊరంతా చూసేది అదే ఆకాశం. అందరి ప్రాణం ఉసూరుమంటుంటే తనొక్కడికి నెమ్మది. ఈ సంగతి శ్రీశైలమ్మకు కూడా చెప్పలేదు. కావడి భుజాన పెట్టుకుని గొర్రెల బావికి పోయేవాడు. ఆ బావి కూడా మెట్టు మెట్టుగా దిగుతోంది. శ్రావణం నాటికి తాడుకు ఇంకో తాడు ముడేశాడు.

నూట నలభై అయ్యాక రైలెక్కిపోయిన మాట ఊరికి తిరిగొచ్చింది. పోయినప్పుడు నవ్వుతూ పోయింది, వచ్చినప్పుడు నవ్వు లేదు. గిద్దలూరు సంతలో ఎవరో అన్నారట, ఎర్రమిట్టలో రైలు ఉద్యోగం కోసం ఒకడు వాన కట్టేశాడని. మంగలి దగ్గర అంకన్న కూర్చోగానే పక్కవాళ్ళు లేచి వెళ్ళారు. చిన్నపిల్లలు స్టేషను దాకా వచ్చి బానలకు చెవులు ఆనించి పరుగెత్తేవాళ్ళు.

"నీ నోరు పాడుగాను షంషన్నా, నువ్వు చేసిన పనే ఇది" అన్నాడు అంకన్న.

"నేనేం చేసినాన్రా? చెవి పట్టుకుని ఈడ్చినావని అన్నా. కట్టేసినావని అన్లే" అన్నాడు షంషుద్దీన్. ఆ మాటకు అతనికే నవ్వు రాలేదు. తగ్గు గొంతుతో అడిగాడు. "ఇంకా ఎన్ని దినాలు?"

"నలభై."

"అల్లా!" అన్నాడు షంషుద్దీన్. అది ఎక్కువనుకున్నాడో తక్కువనుకున్నాడో అంకన్నకు తెలియలేదు.

నూట డెబ్బై ఒకటో రోజు మధ్యాహ్నం, గుంటూరు పోయే పాసింజరుకు ఇంకా గంట ఉందనగా, ఊరి ఆడవాళ్ళు కప్పతల్లిని మోసుకుని స్టేషనుకు వచ్చారు. రోకలికి కట్టిన తడిగుడ్డలో, వేపమండల మధ్య కప్ప. వానలు లేని ఏడు ఇల్లిల్లూ తిరుగుతారు, ప్రతి ఇంటివాళ్ళూ చెంబెడు నీళ్ళు కప్ప మీద పోస్తారు. ఆ నీళ్ళు చూసి పైనున్న నీళ్ళు దిగుతాయని వాళ్ళ నమ్మకం. మామూలుగా స్టేషనుకు ఎవరూ రారు. అది ఇల్లు కాదు కాబట్టి. ఆ రోజు వచ్చారు. రోకలి ఒక కొస రోశమ్మ భుజాన ఉంది. పాట షెడ్డు దగ్గరికి రాగానే ఆగింది.

"అంకన్నా, ఒక చెంబు పొయ్యి" అంది రోశమ్మ.

"ఇంటికాడ శ్రీశైలమ్మ పోసిందంట గదొదినా."

"పోసింది. నీ చేత్తో పొయ్యాలంటన్నారు వీళ్ళంతా."

"ఇది రైలోళ్ళ నీళ్ళు."

"బావి రైలోళ్ళదా? కావడి మోసిన భుజం రైలోళ్ళదా?" అంది వెనకనుంచి ఒక ముసలామె. ఆమె పేరు కొండమ్మ, ఊళ్ళో సగం మందికి పురుడు పోసింది. "మాట్లాడవేం నాయనా? నిన్ను భూమ్మీద పడేసినప్పుడు నీళ్ళు పోసింది నేనే. ఇప్పుడు నువ్వు పోసేదానికి ఇంత ఆలోచనా?"

ఆఫీసు తలుపులో విశ్వాసం గారు నిలబడి ఉన్నాడు. పొమ్మనలేదు, పొయ్యమనలేదు. అంకన్న కొమ్ముచెంబు ముంచాడు. తొమ్మిది రోజులు. ఒక్క తొమ్మిది. పెదవులు కదిపి ఏదో మొక్కినట్టు కనిపించాడు గానీ, లోపల అనుకున్న మాట ఇది. రా తల్లీ, కానీ పది దినాలు ఆగి రా. చెంబు వంచాడు. నీళ్ళు సన్నగా, పొదుపుగా, చుక్క చెదరకుండా కప్ప మీద పడ్డాయి. కప్ప కళ్ళు మూసి తెరిచింది. రోశమ్మ అతని చేతి వైపు ఒక్కసారి చూసి, రోకలి సర్దుకుంది. పాట మళ్ళీ లేచి ఊరి వైపు పోయింది.

"పోసినావు గదరా, ఇంక నిన్నేమీ అనరులే" అన్నాడు షంషుద్దీన్.

అంకన్న బాన మీద మూత పెట్టాడు. ఆ మూత పెట్టినప్పుడు, ఊరు తన గురించి చెప్పుకుంటున్నదంతా నిజమే అనిపించింది అతనికి.

నూట డెబ్బై రెండు, మూడు, నాలుగు. అన్నం సహించలేదు. మేకు పట్టుకుంటే గీత వంకరపోయేది. శ్రీశైలమ్మ ఏమిటని అడిగితే ఎండ దెబ్బ అన్నాడు. ఎనిమిదేళ్ళలో తగలని ఎండ దెబ్బ ఆమె నమ్మలేదు, కానీ మజ్జిగ కలిపి ఇచ్చింది.

నూట డెబ్బై తొమ్మిదో రోజున, సెప్టెంబరు ఆరో తేదీ సాయంత్రం, నాలుగు గంటల వేళ, నల్లమల మీదనుంచి వాన వచ్చింది.

అది ఎట్లాంటి వాన అంటే, మొదటి చినుకు తగిలి స్టేషను గంట దానంతటదే మోగింది. చూసినవాళ్ళున్నారు. ఆర్నెల్లు కాలిన నేల కాబట్టి అరగంట దాకా చుక్క పారలేదు, అంతా తాగేసింది. తర్వాత తాగడం చాతగాక కక్కింది. ఎర్ర నీళ్ళు అన్ని వైపులా పరుగెత్తాయి. అంకన్న షెడ్డు కింద కొమ్ముచెంబు పట్టుకుని నిలబడ్డాడు. ఊళ్ళోంచి కేకలు వినిపిస్తున్నాయి, సంతోషపు కేకలు. అంకన్న ఆఫీసులోకి నడిచాడు. బిళ్ళ విప్పి, విశ్వాసం గారి బల్ల మీద పెట్టాడు.

"వైరు పెట్టండి సారూ, నా పని అయిపోయిందని. వాన మొదలైనాది గదా."

విశ్వాసం గారు తంతి యంత్రం మీద వేలు పెట్టి కాసేపు టకటకలాడించాడు. తల అడ్డంగా ఊపాడు. "తీగ తెగింది. రెండు వైపులా పలకటం లేదు. ఆర్డరు వచ్చేదాకా నువ్వు బిళ్ళ పెట్టుకో."

ఆయన ఆ మాట అంటుండగానే గుంటూరు పోవలసిన పాసింజరు తడిసిన దున్నపోతులా వచ్చి ఆగింది. మళ్ళీ కదల్లేదు. ముందర వాగు దగ్గర కట్ట కోసుకుపోయి, పట్టాలు గాలిలో ఊయలలా వేలాడుతున్నాయని గ్యాంగు మనిషి పరుగున వచ్చి చెప్పాడు. కాసేపటికి వెనక కూడా కోసుకుపోయిందన్నారు. మూడొందల మంది జనం, చుట్టూ నీళ్ళు, తాగడానికి చుక్క లేదు. ఊరి బావిలోకి, గొర్రెల బావిలోకి వరద దిగి నీళ్ళు కుంకుమ కలిపినట్టయ్యాయి. నాలుగు బానలు తప్ప ఏమీ లేదు. అవి మర్నాడు పొద్దెక్కేసరికి అయిపోయాయి.

అప్పుడు అంకన్న ఇంటికి పరుగెత్తి చిల్లగింజలు తెచ్చాడు. బురద నీళ్ళు తేర్చడానికి ఆ గింజను అరగదీసి కలుపుతారు. అరగదీయడానికి రాయి కావాలి. చొక్కా జేబులో ఉన్న రాయి ఒకటే, గీతల పలక. వెనక వైపు తిప్పి దాని మీదే అరగదీశాడు. బానలో ఎర్ర నీళ్ళు పోసి, ఆ గంధం కలిపి, కదలకుండా ఉంచితే బురద అడుక్కి దిగేది. పైతేట ముంచి, గుడ్డలో వడగట్టి, పెట్టె పెట్టెకూ తిరిగాడు. వాన నెత్తిన కొడుతుండగా, నీళ్ళలో తడుస్తూ నీళ్ళు పోశాడు. బాలింత ఒకామె రెండు సార్లు అడిగింది, రెండు సార్లూ పోశాడు. షంషుద్దీన్ కావడి అందుకున్నాడు. పోర్టరు కావడి మోస్తే రూలు ఒప్పదని ఎవరో అంటే, "రూలు వరదలో కొట్టుకుపోయినాది, వెతుక్కోపో" అన్నాడు.

ఏడో తేదీ గడిచింది, ఎనిమిదో తేదీ గడిచింది. ఎనిమిది సాయంత్రం కట్ట పోసి రైలును పంపారు. చివరి పెట్టె కనుమరుగయ్యాక అంకన్న షెడ్డులో చతికిలబడి, పలక ముందు వైపు తిప్పి, రెండు గీతలు గీశాడు. నూట ఎనభై. నూట ఎనభై ఒకటి.

విశ్వాసం గారు రెండు పుటల ఉత్తరం రాశాడు. అంత నిండుగా ఆయన పెళ్ళి శుభలేఖ కూడా రాసుకుని ఉండడని షంషుద్దీన్ అన్నాడు. జవాబు కార్తీకంలో వచ్చింది. విశ్వాసం గారు ప్లాట్‌ఫారం మీదే చదివి చెప్పాడు. ఆరో తేదీ సాయంత్రం వాన మొదలైంది గనుక ఎండాకాలపు పని ఆ రోజుతోనే ముగిసింది. ఆ తర్వాతి రెండు రోజులు ఆ పని కిందికి రావు.

"అంటే ఎన్ని సారూ?"

"నూట డెబ్బై తొమ్మిది."

"మూడొందల మంది తాగినారే! వాళ్ళని అడగమనండి!" అని షంషుద్దీన్ అరిచాడు. "ఎండలో పోస్తే నీళ్ళంట, వానలో పోస్తే కావంట!"

"మళ్ళీ రాస్తాను" అన్నాడు విశ్వాసం గారు.

"రాయండి సారూ" అన్నాడు అంకన్న.

స్టేషనునుంచి ఇంటికి పోలేదు. అన్న చేనుకు పోయాడు. కొర్రకు కాలం దాటిపోయింది గానీ, ఆ వానకు చల్లిన ఉలవ పచ్చగా పాకింది. రోశమ్మ గట్టు మీద కర్ర పట్టుకుని గొర్రెలు పడకుండా కాపలా ఉంది. నల్లమలకు పోయిన మందలో సగమే తిరిగొచ్చింది. అంకన్న పక్కన కూర్చుని ఉత్తరం సంగతి చెప్పాడు. ఆమె కర్ర పక్కన పెట్టింది.

"ఒక్క దినమా?"

"ఒక్క దినం." గడ్డిపరక తెంపి, తెంపిందాన్ని మళ్ళీ తెంపాడు. "నాకిట్లనే కావాల ఒదినా. నేను ఆ పొద్దు సరిగ్గా పొయ్యలా. నోరు రమ్మనింది. లోపల పది దినాలు ఆగమన్నా. ఎవురికీ చెప్పలా ఇంతవరకూ."

రోశమ్మ అతని మొహంలోకి చూసింది. ఆమె నవ్వుతుందో ఏడుస్తుందో తెలియలేదు.

"ఎవురికీ తెలవదనుకున్నావా? చెంబు వంచినప్పుడే తెలిసింది. కప్పతల్లి మీద ఎవురైనా బుడబుడా కుమ్మరిస్తారు. నువ్వు కిటికీలో దోసిలికి పోసినట్టు పోసినావు. ఊరి దోవలోనే కొండమ్మత్త అనె, ఈడిది లెక్కలోకి రాదే అమ్మాయ్ అని. మర్నాడు ఇంకో కప్పను పట్టి నిన్నొదిలేసి తిరిగినాం."

అంకన్న నవ్వాడు. చాలా నెలల తర్వాత నవ్వడం వల్ల అది దగ్గులా వచ్చింది.

"మరి నన్ను ఒక మాటైనా అన్లేదేం?"

"ఏమని అనేది? అప్పుడు మీ అన్న అడివిలో. నాకు నీళ్ళ కుండ తెచ్చింది నువ్వు. నీకు నీ ఆర్డరు, మాకు మా వాన. చూసేది ఇద్దరమూ పైకే గదా." ఆమె లేచి ఒక గొర్రెను అదిలించి వచ్చింది. "మళ్ళా పోతావా ఎండాకాలం?"

"పిలిస్తే."

"పలకల మేస్త్రీ మళ్ళా కబురు పెట్టినాడని శ్రీశైలమ్మ చెప్పె."

"పెట్టినాడు" అన్నాడు అంకన్న. "చూడాల."

ఆ చలికాలమంతా అతను మేస్త్రీ దగ్గర రాయి చీల్చాడు. తొమ్మిదో పలకను గోడలో మెత్తాడు గానీ, ఈసారి వెనక వైపు బయటికి పెట్టాడు. చిల్లగింజ అరిగిన చోట అది నున్నగా, కాస్త గుంటపడి ఉండేది. గీతల వైపు మట్టిలోకి పోయింది. శ్రీశైలమ్మ ఆ గుంట మీద వేలు పెట్టి చూసింది.

ఫాల్గుణం చివర షంషుద్దీన్ కబురు తెచ్చాడు. మేస్త్రీని అడిగి అంకన్న బయల్దేరాడు. ఈసారి అడిగి వెళ్ళాడు, వానలు పడగానే వస్తానని మాటిచ్చి వెళ్ళాడు. కొత్త పలక ముక్క కూడా తీసుకున్నాడు. తీసుకోకుండా ఉండలేకపోయాడు.

మొదటి రోజు పాసింజరు వచ్చి ఆగింది. కిటికీలో ఒక ముసలాయన దోసిలి పట్టాడు, తాగాడు, తడి చేత్తో మొహం తుడుచుకున్నాడు.

"ఏమయ్యా, ఈ ఏడన్నా వాన ఉంటుందా?"

షంషుద్దీన్ దూరంనుంచే నవ్వు సిద్ధం చేసుకుని చూశాడు. అంకన్న చెంబు మళ్ళీ నింపుకున్నాడు.

"తెలవదు తాతా" అన్నాడు. "నేనూ చూస్తా ఉండా."

రైలు కదిలింది. పక్క కిటికీలోంచి ఇంకో దోసిలి బయటికి వచ్చింది. అంకన్న దానితో పాటు పరుగెత్తాడు.